ఉపగ్రహ చిత్రాలతో నేలల పటాల తయారీ

ఉపగ్రహ చిత్రాలతో నేలల పటాల తయారీ అనగా ఒక ప్రాంతంలో ఏ రకం నేల ఎక్కడ, ఎంత విస్తీర్ణంలో ఉన్నదో తెలిపే పటాలను ఆధునిక సాధనాలతో రూపొందించే విధానము. ఇందులో ఉపగ్రహాలు తీసిన చిత్రాలు, క్షేత్రంలో తవ్విన గుంతల నుంచి సేకరించిన వివరాలు, భూమి ఎత్తుపల్లాల కొలతలు ఒకచోట చేరతాయి. వీటిని కలిపి ఉంచి విశ్లేషించే కంప్యూటరు ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. జీఐఎస్ అనే పొట్టిపేరుతో ఇది బాగా ప్రచారంలో ఉన్నది.

ఉపగ్రహానికి కనిపించేది నేల పైపొర మాత్రమే. పంటకు నీరు, పోషకాలు అందించే శక్తిని నిర్ణయించేవి ఒకటి రెండు మీటర్ల లోతు వరకు ఉండే పొరలు. అందువల్ల ఉపగ్రహ చిత్రం వచ్చిన తరువాత కూడా గుంత తవ్వి చూడవలసిన అవసరం తొలగిపోలేదు. గుంత ఎక్కడ తవ్వాలో, అక్కడ తెలిసిన సంగతిని చుట్టూ ఎంత దూరం వరకు వర్తింపజేయవచ్చో చెప్పటమే ఉపగ్రహ చిత్రం చేసే ముఖ్యమైన సహాయము.

నేల పటం – స్వరూపం

నేల పటంలో ఒకే విధమైన నేలలు గల ప్రాంతాలను గీతలతో విడదీసి, ఒక్కొక్క దానికి ఒక గుర్తు లేక రంగు ఇస్తారు. ఇట్టి ప్రాంతాన్ని పట ప్రమాణం అంటారు. పటానికి అనుబంధంగా ఉండే సూచికలో ఆ నేల లోతు, రంగు, బంకమన్ను శాతం, వాలు, కోతకు గురైన తీరు, మురుగు పారుదల మొదలైన వివరాలు ఉంటాయి. ఒకే రకపు మాతృశిల నుంచి ఏర్పడి, పొరల అమరిక ఒకే తీరుగా ఉన్న నేలలను ఒక సిరీస్‌గా పరిగణించి, సాధారణంగా దానిని మొదట గుర్తించిన ఊరి పేరుతో పిలుస్తారు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ఎర్రనేల సిరీస్, కాసిరెడ్డిపల్లి నల్లనేల సిరీస్ ఇందుకు ఉదాహరణలు.

పటం ఎంత వివరంగా ఉంటుందన్నది దాని స్కేలుపై ఆధారపడి ఉంటుంది. పటం మీద ఒక చదరపు సెంటీమీటరు నేలమీద ఎంత విస్తీర్ణానికి సమానమో ఈ క్రింద చూడవచ్చు:

* 1:2,50,000 స్కేలులో 625 హెక్టార్లు. రాష్ట్రస్థాయి ప్రణాళికలకు ఉపయోగిస్తారు.
* 1:50,000 స్కేలులో 25 హెక్టార్లు. జిల్లా, మండల స్థాయి పనులకు ఉపయోగిస్తారు.
* 1:10,000 స్కేలులో 1 హెక్టారు. గ్రామస్థాయి పనులకు ఉపయోగిస్తారు.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం భారతదేశంలో సగటు కమతం విస్తీర్ణం 1.08 హెక్టార్లు. దీనినిబట్టి 1:2,50,000 స్కేలు పటంలో ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 580 సగటు కమతాలు ఇమిడిపోతాయి. అంత చిన్న చోట ఒక రైతు పొలాన్ని వేరుగా చూపటం సాధ్యం కాదు. నేల పటాన్ని చదివేవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

చరిత్ర

నేలను కేవలం రాతి పొడిగా కాక, తనకంటూ పుట్టుక, ఎదుగుదల గల ప్రకృతి పదార్థంగా చూసిన తొలి శాస్త్రవేత్తలలో రష్యాకు చెందిన వసీలి దొకుచాయెవ్ (1846–1903) ప్రముఖుడు. రష్యాలోని చెర్నోజెమ్ అనే నల్లనేలలపై ఆయన రచించిన గ్రంథం 1883లో వెలువడినది. శీతోష్ణస్థితి, జీవజాలం, భూరూపం, మాతృశిల, కాలం అనే ఐదు అంశాల కలయికగా నేల ఏర్పడుతుందన్న సిద్ధాంతాన్ని స్విట్జర్లాండులో జన్మించిన అమెరికా శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ 1941లో ఒక సమీకరణ రూపంలో వివరించాడు. ఈ అంశాలు తెలిస్తే నేలను కొంతవరకు ఊహించవచ్చు గనుక, నేటి కంప్యూటరు పద్ధతులకు కూడా ఈ సిద్ధాంతమే పునాది.

భారతదేశ నేలలను 19వ శతాబ్దపు చివరి దశకంలో వోల్కర్, లెదర్ అనే రసాయన శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు. ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర, జేగురు నేలలనే నాలుగు ప్రధాన విభాగాలు ఆనాటి నుంచి వాడుకలోకి వచ్చాయి. నల్లనేలలకు ఆంగ్ల గ్రంథాలలో కనిపించే "రెగర్" అనే పేరు తెలుగు రేగడి నుంచి వచ్చినదే.

20వ శతాబ్దంలో సర్వే బృందాలు టోపోషీట్లను, గ్రామ నక్షాలను చేతబట్టుకొని కాలినడకన తిరిగి నేలల సరిహద్దులు గీసేవి. తరువాత విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు తోడయ్యాయి. రెండు పక్కపక్క ఛాయాచిత్రాలను స్టీరియోస్కోపు ద్వారా చూస్తే ఎత్తుపల్లాలు కంటికి కట్టినట్లు కనిపిస్తాయి.

1972 జులై 23న అమెరికా ప్రయోగించిన లాండ్‌శాట్-1 ఉపగ్రహంతో కొత్త దశ ఆరంభమైనది. దాని చిత్రాలలో ఒక్కొక్క చుక్క, అనగా పిక్సెల్, నేలమీద సుమారు 80 మీటర్ల చోటును చూపేది. 1982లో లాండ్‌శాట్-4 ద్వారా ఇది 30 మీటర్లకు చేరినది. భారతదేశపు తొలి దూరగ్రాహక ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ప్రయోగించబడినది. 1995లో పంపిన ఐఆర్ఎస్-1సి లోని లిస్-3 కెమెరా 23.5 మీటర్ల స్పష్టతను, 2003లో పంపిన రిసోర్స్‌శాట్-1 లోని లిస్-4 కెమెరా 5.8 మీటర్ల స్పష్టతను ఇచ్చాయి.

1980లలో చిత్రాలను కాగితంపై ముద్రించి, వాటిపై పారదర్శకమైన ఫిల్ము పరచి, పెన్సిలుతో సరిహద్దులు గీసేవారు. విస్తీర్ణాన్ని ప్లానిమీటరుతో కొలిచేవారు. కంప్యూటర్లు చౌక కావటంతో 1990ల నుంచి ఈ పని క్రమంగా జీఐఎస్‌లోకి మారినది. 2000 మే నెలలో జీపీఎస్ సంకేతాలపై ఉద్దేశపూర్వకంగా కలిపిన లోపాన్ని అమెరికా తొలగించగా, సామాన్య వాడుకదారుకు వచ్చే స్థాన దోషం సుమారు వంద మీటర్ల నుంచి కొద్ది మీటర్లకు తగ్గినది. గుంత తవ్విన చోటును చిత్రంలో సరైన పిక్సెల్‌తో జోడించటం దీనివలన సులభమైనది. 2008లో లాండ్‌శాట్ చిత్రాలు అందరికీ ఉచితంగా లభించసాగాయి. 2015 నుంచి ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టత గల చిత్రాలను ఉచితంగా అందిస్తున్నాయి. 10 మీటర్ల పిక్సెల్ అనగా 100 చదరపు మీటర్లు. ఇది దాదాపు ఒక గుంట భూమికి సమానము.

ఉపగ్రహం నేలను చూసే తీరు

సూర్యకాంతి నేలపై పడినప్పుడు కొంత భాగం నేలలో ఇంకిపోయి, మిగిలినది తిరిగి పైకి వస్తుంది. దీనిని పరావర్తనం అంటారు. ఉపగ్రహంలోని కెమెరా ఈ కాంతిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం, హ్రస్వతరంగ పరారుణం వంటి వేర్వేరు పట్టీలుగా విడదీసి కొలుస్తుంది. నేలలోని పదార్థాలు ఈ పట్టీలపై వేర్వేరు ముద్రలు వేస్తాయి:

* ఇనుప ఆక్సైడులు నీలం, ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఎర్రనేలల ఎరుపుకు ఇవే కారణం. సుమారు 0.9 మైక్రోమీటర్ల వద్ద కూడా వీటి శోషణ కనిపిస్తుంది.
* బంకమన్ను ఖనిజాలు సుమారు 2.2 మైక్రోమీటర్ల వద్ద కాంతిని పీల్చుకుంటాయి.
* కాల్షియం కార్బొనేటు ముద్ర 2.3 మైక్రోమీటర్లు దాటిన తరువాత కనిపిస్తుంది.
* తేమ పెరిగితే అన్ని పట్టీలలోనూ పరావర్తనం తగ్గి, నేల నల్లగా కనిపిస్తుంది.
* సేంద్రియ పదార్థం కూడా నేలను నల్లబరుస్తుంది.
* పైకి తేలిన ఉప్పు పొర తెల్లగా మెరుస్తుంది.

ఈ సూత్రాలను ఒక దేశంలో నేర్చి మరొక దేశంలో గుడ్డిగా వాడరాదు. శీతల దేశాలలో నల్లని నేల అంటే సేంద్రియ కర్బనం పుష్కలంగా ఉన్న నేల అని సాధారణంగా భావిస్తారు. దక్కను రేగడి ఎంత నల్లగా ఉన్నప్పటికీ అందులో సేంద్రియ కర్బనం తరచు ఒక శాతం కన్నా తక్కువే. నలుపును చూసి సారాన్ని లెక్కగట్టే సమీకరణం ఇక్కడ తప్పు ఫలితాన్ని ఇస్తుంది.

ఉపగ్రహ చిత్రాలను సాధారణంగా అసహజ వర్ణాలలో చూపుతారు. ఇందులో సమీప పరారుణాన్ని ఎరుపుగాను, ఎరుపును ఆకుపచ్చగాను, ఆకుపచ్చను నీలంగాను మారుస్తారు. అప్పుడు పచ్చని పైరు ఎర్రగా కనిపిస్తుంది. ఈ చిత్రాలకు అలవాటు పడనివారు ఎర్రగా ఉన్న చోటును ఎర్రనేలగా పొరబడటం కద్దు.

చిత్రం తీసిన కాలం

పైరు కప్పి ఉన్నప్పుడు ఉపగ్రహానికి నేల కనిపించదు. ఖరీఫ్‌లో మేఘాలు కూడా అడ్డువస్తాయి. అందువల్ల తెలుగు ప్రాంతాలలో రబీ కోతలు పూర్తయి, పొలాలు ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలల చిత్రాలు నేలల అధ్యయనానికి అనుకూలమైనవి. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే పొలంలో మినుము చల్లుతారు గనుక అక్కడ నేల ఖాళీగా కనిపించే కాలం మరీ తక్కువ.

ఒక్క తేదీ చిత్రంతో తృప్తిపడక, పంటకాలపు చిత్రాన్ని కూడా జతచేసి చూడటం మంచి పద్ధతి. వర్షాధారపు పొలాలలో వానలు వెనుకబట్టిన తరువాత ఏ పైరు ముందుగా వాడిపోతుందో, ఏది చాలాకాలం పచ్చగా నిలుస్తుందో గమనిస్తే నేల లోతు, తేమను పట్టి ఉంచే శక్తి పరోక్షంగా తెలుస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో పది, ఇరవై ఏళ్ల చిత్రాలను వరుసగా పరిశీలించి, ప్రతి పిక్సెల్‌కు నేల ఖాళీగా ఉన్న తేదీలను మాత్రమే ఏరి, వాటి సగటుతో ఒకే చిత్రాన్ని కూర్చే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది.

భూరూపం ప్రాముఖ్యం

నేల పటానికి రంగు ఎంత ముఖ్యమో వాలు అంత ముఖ్యం. తెలంగాణలో గ్రానైటు, నైసు శిలలు ఉన్న చోట్ల మిట్టపై పలుచని ఎర్రనేల, వాలు నడుమ కొంత లోతైన ఎర్రనేల, పల్లంలో నల్లనేల వరుసగా ఉండటం తరచు కనిపిస్తుంది. మిట్ట నుంచి వాననీటితో కొట్టుకు వచ్చిన సన్నని మన్ను, సున్నపు లవణాలు పల్లంలో చేరటమే ఇందుకు కారణం. ఈ వరుస తెలిసినవారు చిత్రంలో ఒక వాగును, దానికి ఇరువైపుల మిట్టలను చూడగానే ఏ నేల ఎక్కడ ఉండవచ్చునో చాలావరకు ఊహించగలరు.

వాలును లెక్కించటానికి ఎత్తుల నమూనా కావాలి. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండెవర్ రాడారు సహాయంతో భూగోళంలోని అధిక భాగపు ఎత్తులను 11 రోజుల యాత్రలో కొలిచినది. 2005 మే 5న ప్రయోగించిన భారత ఉపగ్రహం కార్టోశాట్-1 ఒకే స్థలాన్ని రెండు కోణాలలో చిత్రించి ఎత్తుల నమూనా తయారీకి తోడ్పడినది. ఇట్టి నమూనాల నుంచి వాలు, వాలు దిశ, నీరు చేరే చోట్లు మున్నగునవి కంప్యూటరు లెక్కగడుతుంది.

పని జరిగే క్రమం

1. సేకరణ: తగిన తేదీల ఉపగ్రహ చిత్రాలు, టోపోషీట్లు, భూగర్భ పటాలు, గ్రామ నక్షాలు, పాత నేల సర్వే నివేదికలు సేకరిస్తారు.
2. సరిదిద్దటం: గాలిలోని దుమ్ము, ఆవిరి ప్రభావాన్ని తొలగించి, చిత్రాన్ని అక్షాంశ రేఖాంశాలకు సరిగా కూర్చుతారు.
3. ప్రాథమిక విభజన: శిల, భూరూపం, వాలు, రంగు, భూమి వాడకం ఆధారంగా ప్రాంతాన్ని ముక్కలుగా విడదీస్తారు.
4. క్షేత్ర పరిశీలన: ప్రతి రకపు ముక్కలోనూ గుంతలు తవ్వుతారు. గుంతను సుమారు ఒకటిన్నర, రెండు మీటర్ల లోతు వరకు, లేక రాయి తగిలే వరకు తవ్వుతారు. పొరల మందం, మన్‌సెల్ వర్ణపట్టికతో పోల్చిన రంగు, వేళ్ల మధ్య నలిపి చూసిన మన్ను తీరు, సున్నపు గుల్లలు, వేర్ల లోతు నమోదు చేస్తారు.
5. ప్రయోగశాల పరీక్షలు: పీహెచ్, విద్యుద్వాహకత, సేంద్రియ కర్బనం, ఇసుక–ఒండ్రు–బంకమన్ను శాతాలు, కాల్షియం కార్బొనేటు, ధనాయాన వినిమయ శక్తి కొలుస్తారు.
6. సవరణ: గుంతలలో తేలిన సంగతుల ప్రకారం మొదట గీసిన సరిహద్దులను మార్చి, ప్రతి ముక్కకు నేల పేరు నిర్ణయిస్తారు.
7. నిర్ధారణ: పటం తయారీలో వాడని కొత్త చోట్లకు వెళ్లి, పటం చెప్పినది నిజమో కాదో సరిచూస్తారు.

ఈ ఏడు దశలలో నాలుగవది అత్యంత శ్రమతోను, ఖర్చుతోను కూడినది. గుంతల సంఖ్యను తగ్గించి పటాన్ని త్వరగా ముగించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అట్టి పటం కంటికి ఇంపుగానే ఉంటుంది గాని, దాని సరిహద్దులలో ఎన్ని పరీక్షకు నిలుస్తాయో చెప్పలేము.

భౌగోళిక సమాచార వ్యవస్థ పాత్ర

జీఐఎస్‌కు పితామహుడిగా పేరొందిన రోజర్ టామ్లిన్‌సన్ (1933–2014) 1960లలో కెనడాలో తొలి వ్యవస్థను రూపొందించాడు. ఆ దేశపు భూములు వ్యవసాయానికి, అడవులకు, ఇతర అవసరాలకు ఎంతవరకు అనుకూలమో తెలిపే పటాలను కంప్యూటరులోకి ఎక్కించటమే దాని ఉద్దేశం. నేల పటానికి, జీఐఎస్‌కు గల సంబంధం ఆ విధంగా మొదటి నుంచీ ఉన్నది.

ఈ వ్యవస్థలో ప్రతి అంశం ఒక పొరగా ఉంటుంది: నేల ఒక పొర, వాలు ఒక పొర, వర్షపాతం ఒక పొర, సర్వే నంబర్ల నక్షా మరొక పొర. ఒకదానిపై ఒకటి పరచి ప్రశ్నలు అడగవచ్చు. ఉదాహరణకు "లోతు 50 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ, వాలు 3 శాతం కన్నా తక్కువ, మురుగు పారుదల బాగా ఉన్న ఎర్రనేలలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయి?" అని అడిగితే వేరుశనగ వంటి పంటకు అనువైన చోట్లు తెలుస్తాయి. వారాల తరబడి చేతితో చేయవలసిన ఈ పోలిక క్షణాలలో పూర్తవుతుంది.

అయితే పొరలన్నీ ఒకే కొలమానంలో ఉండాలి. రేఖాంశాల మధ్య దూరం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు కాగా, ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలనే సమాన పొడవులుగా తలచి విస్తీర్ణం లెక్కిస్తే తప్పు వస్తుంది. అందుకే లెక్కలకు ముందు పటాన్ని మీటర్ల ప్రక్షేపంలోకి మార్చుకోవాలి. అదే విధంగా 1:2,50,000 స్కేలు పటాన్ని తెరపై ఎంత పెద్దది చేసి చూసినా కొత్త వివరం ఏదీ చేరదు. గీత మాత్రం లావవుతుంది.

డిజిటల్ నేల పటాలు

2003లో అలెక్స్ మెక్‌బ్రాట్నీ, ఆయన సహచరులు జెన్నీ చెప్పిన ఐదు అంశాలకు మరి రెండింటిని చేర్చి ఒక నమూనాను ప్రతిపాదించారు. ఆ నేల గురించి ముందే తెలిసిన సమాచారం ఒకటి, భూమిపై దాని స్థానం రెండవది. గుంతలు తవ్విన చోట్ల ఈ అంశాలన్నింటికీ, నేల గుణాలకు మధ్య గల సంబంధాన్ని కంప్యూటరు నేర్చుకొని, గుంతలు లేని చోట్ల అంచనా వేస్తుంది. నిర్ణయ వృక్షాలను వందల సంఖ్యలో కలిపి వాడే ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతి ఈ పనికి విరివిగా ఉపయోగపడుతున్నది.

ఈ పటాలలో సరిహద్దు గీతలు ఉండవు. ప్రతి పిక్సెల్‌కు బంకమన్ను ఇంత శాతం, కర్బనం ఇంత అని అంకెలు ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని ఐస్రిక్ సంస్థ తయారుచేసిన సాయిల్‌గ్రిడ్స్ ఇట్టిదే. సుమారు 2.4 లక్షల చోట్ల నేల వివరాల ఆధారంగా ఇది ప్రపంచమంతటికీ 250 మీటర్ల పిక్సెళ్లలో, రెండు మీటర్ల లోతు వరకు ఆరు పొరలకు అంచనాలు ఇస్తుంది. అంచనాతో పాటు దానిలోని అనిశ్చితిని కూడా చూపటం దీని విశేషం. గుంతల వివరాలు తక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆ అనిశ్చితి ఎక్కువగా ఉండటం సహజం.

భారతదేశంలో కృషి

భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన జాతీయ మృత్తికా సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థ 1976లో ఏర్పడినది. దీని ప్రధాన కేంద్రం నాగపూర్. 1980లలో ఈ సంస్థ ఉపగ్రహ చిత్రాల సహాయంతో దేశమంతటికీ 1:2,50,000 స్కేలులో నేలల పటాల తయారీని చేపట్టినది. చిత్రాల వివరణతో పాటు 10 కిలోమీటర్ల గళ్లుగా దేశాన్ని విభజించి క్షేత్ర పరిశీలన జరిపారు. రాష్ట్రాలవారీ నేలల పటాలు 1990లలో వెలువడ్డాయి.

హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక సంస్థ 2008లో ఇస్రోలో భాగంగా జాతీయ దూరగ్రాహక కేంద్రంగా మారినది. ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారాన్ని షాద్‌నగర్ వద్ద గల కేంద్రం అందుకుంటుంది. 2009లో ప్రారంభమైన భువన్ జాలస్థలం ద్వారా భారత ఉపగ్రహ చిత్రాలను, పటాలను ప్రజలు చూడవచ్చు.

కర్ణాటకలో సుజల మూడవ దశ పథకంలో గ్రామ నక్షాల స్కేలైన 1:7,920లో, అనగా మైలుకు 8 అంగుళాల చొప్పున, నేలల వివరాలు తయారుచేశారు. ఈ స్కేలులో ఒక చదరపు సెంటీమీటరు ఒకటిన్నర ఎకరాల పైచిలుకు భూమికి సమానం గనుక రైతు తన సర్వే నంబరు నేలను గుర్తించగలడు. 2015లో మొదలైన మృత్తికా ఆరోగ్య కార్డుల పథకంలో సాగునీటి ప్రాంతాలలో 2.5 హెక్టార్లకు, వర్షాధార ప్రాంతాలలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనాలు తీసే విధానం నిర్ణయించారు. అయితే ఇవి పైపొర పోషకాలను తెలిపేవే గాని, లోతు పొరలను తెలిపే నేల పటానికి ప్రత్యామ్నాయం కావు.

తెలుగు నేలలు – ఉపగ్రహ చిత్రంలో వాటి రూపు

అసహజ వర్ణ చిత్రంలో, వేసవిలో, ఖాళీ పొలాలు సాధారణంగా ఈ విధంగా కనిపిస్తాయి:

* నల్లరేగడి: ముదురు బూడిద లేక నీలి ఛాయ. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే స్మెక్టైటు బంకమన్ను దీని లక్షణం.
* ఎర్ర చల్క, దుబ్బ నేలలు: పసుపు లేక పసుపు కలిసిన ఆకుపచ్చ ఛాయ. చల్కలో మన్ను కొంత గట్టిగాను, దుబ్బలో ఇసుక ఎక్కువగాను ఉంటుంది.
* చౌడు నేలలు: తెల్లని, ఎగుడుదిగుడు అంచులు గల మచ్చలు.
* తీరపు ఇసుక నేలలు: సముద్రానికి సమాంతరంగా సాగే తెల్లని పట్టీలు.
* డెల్టా ఒండ్రు, లంక నేలలు: నదీ మార్గాలను అనుసరించే వంపు ఆకారాలు. చాలాకాలం పైరుతో కప్పబడి ఎర్రగా ఉంటాయి.

పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. మెట్ట పంటల పరిశోధనకు ఆ స్థలం అనుకూలం కావటానికి ఇది ముఖ్య కారణము. ఒకే వాన పడినా ఈ రెండు నేలలు నీటిని పట్టి ఉంచే తీరు వేరు. నేల సరిహద్దు తెలియటం రైతుకు ఎందుకు అవసరమో ఇది తెలుపుతుంది.

చౌడు నేలల గుర్తింపు – ఒక ఉదాహరణ

ఉపగ్రహ చిత్రాల బలం, బలహీనత రెండూ చౌడు నేలల విషయంలో స్పష్టంగా కనిపిస్తాయి. భారతదేశంలో ఉప్పు, క్షార ప్రభావిత భూముల విస్తీర్ణం 67.3 లక్షల హెక్టార్లుగా అంచనా. ఈ అంచనాలో కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధనా సంస్థతో పాటు పైన పేర్కొన్న నాగపూర్, హైదరాబాదు సంస్థల పటాలు ఆధారమయ్యాయి.

కాలువ నీరు వచ్చిన కొన్నేళ్లకు, మురుగు పారుదల లేని పల్లపు నల్లనేలల్లో భూగర్భజలం పైకి వచ్చి, ఆవిరైపోతూ ఉప్పును మిగులుస్తుంది. తెల్లని పొర తేలిన తరువాత ఉపగ్రహం దానిని సులభంగా పట్టుకుంటుంది. అయితే నదిలోని ఎండిన ఇసుక, సముద్రపు ఇసుక కూడా అదే విధంగా మెరుస్తాయి. మరొకవైపు, సోడియం చేరిన నల్లనేలల్లో తెల్లపొర లేకుండానే నేల చెడిపోవచ్చు. అట్టి చోట చిత్రంలో ఏ తేడా కనిపించక, పటం ఆ భూమిని మంచి నేలగా చూపవచ్చు. ఆ పటాన్ని నమ్మి నీరు వదిలితే నష్టం మరింత పెరుగుతుంది; భారం రైతు మీద పడుతుంది. సంతృప్త సారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్లు దాటినదా, వినిమయ సోడియం 15 శాతం మించినదా అనేది మట్టిని పరీక్షించి మాత్రమే తేల్చగల విషయము.

ఇతర ఉపయోగాలు

* పంటల ఎంపిక, ఎరువుల సిఫారసులు, సాగునీటి ప్రణాళిక.
* వాటర్‌షెడ్ పథకాలలో కట్టలు, ఊటకుంటల స్థల నిర్ణయం.
* నేలకోత ఎక్కువగా ఉన్న ప్రాంతాల గుర్తింపు.
* ఉబ్బే నల్లనేలల్లో రోడ్లు, భవనాల పునాదులకు ముందు జాగ్రత్త.
* నేలలో నిలువ ఉన్న కర్బనం అంచనా.

కొత్త సాధనాలు

వందల సన్నని పట్టీలలో కాంతిని కొలిచే హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహాలు బంకమన్ను రకాలను విడదీసి చూపగలవు. భారతదేశం 2018లో హైసిస్‌ను, జర్మనీ 2022లో ఎన్‌మ్యాప్‌ను ప్రయోగించాయి. మేఘాల గుండా చూడగల రాడారు ఉపగ్రహాలు పైపొర తేమను అంచనా వేయటానికి ఉపయోగపడతాయి. భారత, అమెరికా దేశాలు కలిసి రూపొందించిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించబడినది. అయినను ఇవేవీ రెండు మీటర్ల లోతులోని పొరలను నేరుగా చూపలేవు.

ఖచ్చితత్వం, పరిమితులు

పటం ఎంత నమ్మదగినదో తెలుసుకోవటానికి పటంలో చెప్పినదానిని, క్షేత్రంలో కనిపించినదానిని ఒక పట్టికలో పోలుస్తారు. ఉదాహరణకు 100 చోట్ల పరీక్షిస్తే 78 చోట్ల సరిపోయినదనుకుంటే మొత్తం ఖచ్చితత్వం 78 శాతం. కాని ఆ తప్పిన 22 చోట్లు ఏ రకపు నేలలో ఉన్నాయో చూడటం ముఖ్యం. విస్తారంగా ఉన్న ఎర్రనేలలన్నీ సరిగా గుర్తించి, కొద్దిపాటి చౌడు నేలలన్నీ తప్పుగా గుర్తించినా మొత్తం శాతం ఎక్కువగానే ఉంటుంది.

పటంలో ఒక ముక్కకు ఒకే పేరు ఉన్నంత మాత్రాన దానిలో అంతా అదే నేల ఉన్నదని అర్థం కాదు. చిన్న స్కేలు పటాలలో రెండు మూడు నేలలను కలిపి ఒకే ముక్కగా చూపుతారు. ఏ నేల ఎంత శాతం ఉన్నదో సూచిక చెబుతుంది గాని, ఎక్కడ ఉన్నదో చెప్పదు. చెరువు పూడిక మట్టి తోలిన పొలాలలోను, చదును చేసిన పొలాలలోను పైపొర మారిపోవటం వలన చిత్రం పొరపాటుకు దారితీయవచ్చు.

కనుక నేల పటాన్ని ఉపయోగించేవారు దాని స్కేలు, చిత్రాలు తీసిన తేదీలు, తవ్విన గుంతల సంఖ్య, వేరుగా జరిపిన నిర్ధారణ ఫలితాలు అనే నాలుగు వివరాలను మొదట చూడాలి. ఇవి తెలియజేయని పటాన్ని ప్రాథమిక సమాచారంగా మాత్రమే గ్రహించాలి. ఒక పొలానికి సంబంధించిన నిర్ణయం తీసుకొనే ముందు, పటం స్కేలు ఏదైనప్పటికీ, ఆ పొలంలో ఒక గుంత తవ్వి చూసుకోవటం అవసరము.